బ-త అంటే ఇల్లేనా?

శ్రీవారికి,

ఇక్కడ నేను క్షేమం. అక్కడ మీరూ, మీతో ఇంకెవరైనా ఉంటే వారూ క్షేమంగా ఉన్నారని తలుస్తాను. ఈ మొదటి మాటకే మీ కనుబొమలు ముడిపడి ఉంటాయి. పడనివ్వండి. ఫోన్ చేయొచ్చుగా అంటారు. ఫోన్లో మీ గొంతు వింటే అడగాల్సినవన్నీ మింగేస్తాను. కాగితం మీదైతే మీరు నవ్వేసి మాట మార్చలేరు.

ముందు మీరడిగినవాటికి జవాబులు. దగ్గు తగ్గింది. వంటింటి కుళాయి కారుతూనే ఉంది. ప్లంబరు వచ్చి, చూసి, పెదవి విరిచి వెళ్లిపోయాడు. సిరియాలో ఎప్పుడో చచ్చిపోయిన భాషకు మేం కడుతున్న ఉగారిట్ నిఘంటువు ఇంకా "బ" దాటలేదు. మా సంపాదకుడు పెద్దాయన సంగతి మీకు తెలుసుగా. ఒక్కో మాటనీ హీబ్రూలో, అరబ్బీలో, అక్కాడియన్‌లో ఉన్న దాని అక్కచెల్లెళ్ల పక్కన నిలబెట్టి పోలికలు చూసుకుంటే గానీ అడుగు ముందుకు వేయనివ్వరు. నా కళ్లజోడు విరిగింది, కొత్తది చేయించుకున్నాను.

"నీకెందుకే ఇంత అనుమానం? కోడిగుడ్డుకు ఈకలు పీకుతావు" అని రాశారు. మరి నా ఉద్యోగమే అది! మూడువేల ఏళ్లు దాటిన మట్టిపలక మీద గీత ఒకటి ఎక్కువుందా తక్కువుందా అని పొద్దస్తమానం చూసేదాన్ని, మొన్నమొన్న వచ్చిన మొగుడి ఉత్తరాన్ని చూడకుండా వదులుతానా?

అంతకుముందు ఉత్తరంలో మీరేం రాశారో మీకే చదివి వినిపిస్తాను. "మా బ-త చిన్నది. మొదట్లో ఇబ్బంది పెట్టింది, ఇప్పుడు బాగా అలవాటైంది. సాయంత్రం దాన్ని చూడగానే అలసటంతా పోతుంది." ఆ బ-త ఒక్కటి మాత్రం తెలుగులో రాయలేదు. పెళ్లైన కొత్తలో నేను నేర్పిన మేకుల్లాంటి ఉగారిట్ అక్షరాల్లో రాశారు. అప్పట్లో సరుకుల చీటీ మీద కూడా ఆ అక్షరాలతో ఆడుకునేవాళ్లం. మ-త అంటే మొగుడని చెబితే మురిసిపోయారు. చావుకు కూడా అవే అక్షరాలని చెప్పేసరికి నాతో మాట్లాడడం మానేశారు. గుర్తుందా? కాబట్టి మీరు రాసింది సరదాకే అనుకుని మొదట నవ్వుకున్నాను.

తర్వాత నవ్వు రాలేదు. ఉగారిట్ వాళ్లు అచ్చులు రాయరు. బ, త అని రెండు హల్లులు రాసి ఊరుకుంటారు. అది ఇల్లూ కావచ్చు, కూతురూ కావచ్చు. హీబ్రూలో ఇల్లు బయిత్, కూతురు బత్. అరబ్బీలో బైత్, బింత్. పాపం వాళ్లు విడదీసి చెప్పారు. ఉగారిట్‌లో మాత్రం చుట్టూ ఉన్న మాటల్ని చూసి తేల్చుకోవాలి. మరి ఇక్కడ చుట్టూ ఉన్నది మీ తెలుగు! తెలుగులో ఇల్లూ "చిన్నదే", కూతురూ "చిన్నదే". ఇల్లూ "అలవాటైంది", కూతురూ "అలవాటైంది". కొడుకైతే "చిన్నవాడు" అని రాసి అక్కడికక్కడే దొరికిపోయేవారు.

పోనీ, ఇల్లే అనుకుందాం. "మా" ఏమిటండీ? నేను చదివే ఆ పాత భాషల్లో "మన"కూ "మా"కూ తేడా లేదు, రెంటికీ ఒకటే మాట. తెలుగు మాట్లాడేవాడికి ఆ వంక కుదరదు. "మన" అంటే అందులో నేనున్నాను. "మా" అంటే నన్ను గుమ్మం బయట నిలబెట్టారు. పరాయివాళ్లతో మా ఇల్లు అంటాం, సరే. కట్టుకున్న పెళ్లాంతో ఎవరైనా అంటారా?

నా మీద నాకే నమ్మకం లేక, అరబ్బీ మాటలు చూసే మా ఆఫీసావిడకు మీ వాక్యాన్ని చూపించాను, పేరూ ఊరూ చెప్పకుండా.

"కూతురేనండీ, సందేహమేముంది?" అంది. "ఇంటిని చూస్తే అలసట పోతుందా ఎక్కడైనా? ఇంట్లో మనిషిని చూస్తే పోతుంది గానీ. ఇంతకీ ఏ పలకలోది?"

"కొత్తగా బయటపడింది" అన్నాను. ఆ పూట నాకు అన్నం సహించలేదు.

మీరు నన్నేమీ మోసం చేసి పెళ్లాడలేదు. మొదటి పెళ్లి విడిపోయిందనీ, ఒక కూతురుందనీ, ఆ పిల్ల మీ మొహం చూడనంటోందనీ ముందే చెప్పారు. వాళ్లున్న ఊళ్లోనే మ్యూజియంలో పలకల ఫోటోలు తీసే పని దొరికితే, "అనుకోకుండా కుదిరింది" అన్నారు. నమ్మాను. నిజం చెప్పాలంటే, ఆ పిల్ల మీ దగ్గరికి వస్తే నాకు బాధ లేదు. నా భయమంతా వాళ్లమ్మ గురించి. ఆ "మా"లో ఆవిడ కూడా ఉందా? ఉంటే నేనెక్కడ? సూటిగా అడిగాను. "బ-త అంటే ఇల్లేనే పిచ్చిదానా" అని ఒక్క ముక్క రాసి, కుళాయి గురించి అడిగారు. మాట మార్చే మనిషిని ఎలా నమ్మమంటారు?

ఇక ఇంతసేపూ చెప్పకుండా నాన్చింది చెప్పేస్తున్నాను. మొన్న గురువారం నేను మీ ఊరు వచ్చాను.

మీరు పనిలో ఉండే వేళ చూసుకునే వచ్చాను. మెట్లెక్కి మీ తలుపు ముందు నిలబడి, ముందుగా వెతికింది ఆడవాళ్ల చెప్పుల కోసం. సిగ్గులేకుండా ఒప్పుకుంటున్నాను. మీ పాత బూట్లున్నాయి. వాటి పక్కన లేసులు ఊడిన గుడ్డబూట్లు ఒక జత, చిన్నవి. గంట కొట్టాను. తడి జుట్టుతో, చెవి మీద పెన్సిలుతో ఒక పిల్ల తలుపు తీసింది. ముక్కు అచ్చం మీదే. ఇక ఏ భాషతోనూ పోల్చి చూడక్కర్లేకపోయింది.

"నాన్న లేరు, మ్యూజియంకి వెళ్లారు. మీరెవరు?"

"నిఘంటువు ఆఫీసు నుంచి" అన్నాను. అబద్ధమైతే కాదుగా.

నన్ను ఎగాదిగా చూసింది. "మీరు నాన్న వాళ్లావిడ కదూ? లోపల మీ ఫోటో ఉంది. అందులో ఇంత కోపంగా లేరు."

లోపలికి రమ్మంది. కూర్చున్నాను. మంచినీళ్లిచ్చింది. ఉండబట్టలేక, "మీ అమ్మగారు?" అని అడిగేశాను.

"అమ్మకి వేరే ఊళ్లో ఉద్యోగం వచ్చింది, వెళ్లిపోయింది. నేను స్కూలు మారనన్నాను. నాన్న దగ్గర కొన్నాళ్లుండి చూస్తా, నచ్చకపోతే హాస్టల్లో చేరతా అని చెప్పా. మీకు చెప్పొద్దని ఒట్టేయించుకుంది కూడా నేనే."

"ఎందుకమ్మా?"

"చెప్తే మీరొస్తారు. మీరొస్తే నాన్న మంచిగా ఉన్నట్టు నటిస్తారు. మామూలుగా ఎలా ఉంటారో నేను చూసుకోవాలిగా?"

ఏమండీ, నేనే పెద్ద అనుమానం మనిషిననుకుంటే, నన్ను తలదన్నేది మీ ఇంట్లో ఉంది! "మరి ఎలా ఉన్నారు?" అన్నాను. "గురక ఎక్కువ. మిగతాది ఫర్వాలేదు" అంది. పక్కున నవ్వాను. నవ్వుతూ నవ్వుతూ ఏడ్చేశాను. ఆ పిల్ల కంగారుపడిపోయి తువ్వాలు తెచ్చిచ్చింది, తను తల తుడుచుకున్నదే.

ఒట్టు తప్పకుండా నాకు చెప్పాలని ఆ రెండక్షరాలు రాశారు, ఇప్పుడు అర్థమైంది. అక్కడిదాకా మిమ్మల్ని మెచ్చుకుంటాను. కానీ నేను అడిగాక "ఇల్లే" అని రాశారు చూడండి, అది పచ్చి అబద్ధం. "ఇప్పుడు అడక్కు, తర్వాత చెప్తాను" అని రాసుంటే ఆగేదాన్ని. ఆ ఒక్క ముక్క రాయలేకపోయారు. ఇన్ని రోజులు మీ మొదటి భార్యను తిట్టుకుంటూ బతికాను. ఆవిడ ఏ పాపం చేసిందని?

బయల్దేరబోతుంటే ఆ పిల్ల, "మళ్లీ వస్తారా?" అంది.

"మీ నాన్న పిలిస్తే వస్తా" అన్నాను.

"పిలవరు. మీరంటే భయం."

దారి పొడుగునా ఆ మాటే నా చెవుల్లో మోగింది. నా అనుమానం మిమ్మల్ని అంత భయపెట్టిందా? అయినా భయముంటే నాతో చెప్పుకోవాలి గానీ, నా దగ్గర దాక్కుంటారా?

మీరు పిలిచేదాకా ఆగలేను. ఆదివారం పెట్టె సర్దుకుని వస్తున్నాను. నిఘంటువు పని అక్కడి నుంచి చేసుకోవడానికి పెద్దాయన ఒప్పుకున్నారు, కాస్త గొణిగి. క్షమించి వస్తున్నానని సంబరపడకండి. మిమ్మల్ని అడగాల్సినవి, కడగాల్సినవి చాలా ఉన్నాయి.

గంట కొడతాను. పిల్లను ముందుకు తోసి మీరు గదిలో నక్కకండి. ఈసారి తలుపు మీరే తీయాలి.

ఇట్లు,
కోపం తగ్గకుండానే బయల్దేరుతున్న
మీ ఆవిడ