విశాఖ రాసేసినారు

జూన్ 11, మంగళవారం
కోపంగా ఉంది. నోటితో అనలేను, అందుకే ఇక్కడ రాస్తున్నాను.
మా ఇంటిది కామమ్మకి పొద్దున్నే వేళ్ళు బిగుసుకుపోతున్నాయి. చెంబు కూడా పట్టలేకపోతోంది. షేర్ ఆటోలో నర్సీపట్నం ఆసుపత్రికి తీసుకెళ్ళాను. కొత్త డాక్టరమ్మ వేళ్ళన్నీ నొక్కి చూసింది. ఇవి ముసలితనం నొప్పులు కావండీ, కీళ్ళ జబ్బు, దీనికి విశాఖలో వేరే డాక్టర్లున్నారు, రిఫర్ చేస్తున్నాను, ఆలస్యమైతే వేళ్ళు వంకరపోతాయి అంది. బాగానే చెప్పింది.
బయట నర్సు సింహాద్రమ్మ చీటీ చేతిలో పెట్టి, అందరికీ వినపడేలా, నీకు విశాఖ రాసేసినారమ్మా అంది.
ఆటోలో కామమ్మ ఆ చీటీ నా జేబులో కుక్కేసింది.

జూన్ 12
మా వైపు రాసేసినారంటే ఒకటే అర్థం. ఇక్కడ చేతులెత్తేసినారని. పక్కింటి జోగులమ్మ మొగుడికీ అలాగే రాసేసినారు. అంబులెన్సులో వెళ్ళాడు, అంబులెన్సులోనే వచ్చాడు, మొహం మీద దుప్పటి కప్పి.
కామమ్మ వెళ్ళనంటోంది. చస్తే ఇంట్లోనే చస్తానంటోంది. వేళ్ళ నొప్పికి ఎవరైనా చస్తారా అన్నాను. మరి రాసేసినారేటి అంది.

జూన్ 14
ఆర్ఎంపీ బుల్లిబాబు వచ్చాడు. ఇన్నాళ్ళూ వాతం అని సూదులు పొడిచింది ఇతనే. పొడిచిన రెండ్రోజులూ బాగుండేది. మొహం ఉబ్బితే ఒళ్ళొచ్చిందనుకున్నాం. విశాఖ ఏటి మావా, ఇంకో సూది ఏసేస్తాను అన్నాడు. ఒళ్ళు మండిపోయింది. లేచి, పంచె బిగించి, టీ తాగుతావా అన్నాను.
ఛీ.

జూన్ 16
చూడ్డానికి వస్తున్నారు, అరటిపళ్ళతో. కామమ్మ తన ఎర్ర నేతచీర వాళ్ళ వదిన దేవుడమ్మకి ఇచ్చేసింది. ఇచ్చేదానికి భయం, సరే. తీసుకునేదానికి సిగ్గుండొద్దా? నా ఎదురుగానే భుజం మీద వేసుకుని, రంగు నప్పిందా అన్నయ్యా అని అడిగింది.

జూన్ 17
కంచం విసిరేశాను. ఖాళీదే.

జూన్ 18
ఒక్కడినే ఆసుపత్రికి వెళ్ళాను. సింహాద్రమ్మ మీద అరిచాను. రాసేసినారు అనకు అన్నాను. మరేటనాలి తాతా అని నవ్వింది. అరుపుకి డాక్టరమ్మ బయటికొచ్చింది. చీటీ ముందు పెట్టి, వెళ్ళేది రాశారు, తిరిగొచ్చేది కూడా రాయండి అన్నాను. ముందు అర్థం కాలేదు ఆవిడకి. అంతా చెప్పాను. అప్పుడు కింద తెలుగులో రాసింది: కామమ్మగారు విశాఖలో చూపించుకుని మళ్ళీ నా దగ్గరికి రావాలి. సైన్ కూడా పెట్టింది.
ఇంటికొచ్చి చదివాను. మళ్ళీ చదవమంది కామమ్మ. మళ్ళీ అన్న మాట దగ్గర ఆపమంది.

జూన్ 21, శుక్రవారం
విశాఖ. పిడికిలి పట్టమన్నారు. సగమే మడిచింది. మందులతో నొప్పి తగ్గుతుందట. రెండు వేళ్ళు మాత్రం ఇక తిన్నగా రావట, ముందే రావాల్సిందట. మొహం ఉబ్బింది సూదుల వల్లేనట, ఆ సూదులు ఎవరు వేశారని అడిగారు. బుల్లిబాబు పేరు చెప్పాను. గట్టిగానే.

జూన్ 22
చీర వెనక్కి అడగడానికి వెళ్ళాం. దేవుడమ్మ కట్టుకుని ఉంది. మార్చుకునేదాకా కదలనని కామమ్మ గుమ్మంలో కూర్చుంది.
నేనూ కూర్చున్నాను.