ఆ సుర్మా పెట్టకు

తిరువూరు,
12–8–1974

చెల్లీ మెహరున్నీసా,

ముందు లేచి బాబు కళ్ళకున్న సుర్మా తడిగుడ్డతో తుడిచెయ్యి. మిగతాది తర్వాత చదువుకో.

మా షరీఫా నెలరోజులుగా అన్నం ముట్టక, కడుపు పట్టుకుని ఏడుస్తోందని రాశాను కదా. పోయినవారం ఫిట్స్ వచ్చి నా ఒళ్ళోనే బిగుసుకుపోయింది. బెజవాడ తీసుకెళ్ళాం. డాక్టరమ్మ దాని కళ్ళు చూసి, "ఏం పెడుతున్నావమ్మా వీటికి?" అని అడిగింది. ఉరుసులో కొన్న సుర్మా అన్నాను. తెప్పించి పరీక్ష చేయించింది.

"ఇందులో సీసం ఉంది. పిల్ల కళ్ళు నలుపుకుని ఆ వేళ్ళే నోట్లో పెట్టుకుంటుంది. విషమమ్మా ఇది!" అంది.

షరీఫా ఇప్పుడు పాలు తాగుతోంది గానీ నడిస్తే తూలుతోంది.

దిష్టి తగులుతుందని మా అత్త ఊరుకోలేదు. అందుకని ఆముదం దీపం మీద ఇత్తడి పళ్ళెం బోర్లించి, పట్టిన మసిలో నెయ్యి కలిపి నేనే కాటుక చేశాను. అదైనా కంట్లో వద్దంది డాక్టరమ్మ. అరికాలికి చుక్క పెడుతున్నాను. నీకూ కొంచెం పంపుతున్నాను.

పోస్టులో ఆలస్యమవుతుందని ఈ ఉత్తరం విస్సన్నపేట బస్సు కండక్టరు కాలేషాకి ఇస్తున్నాను. బాబు ఎలా ఉన్నాడో ఒక్క ముక్క రాసి అతని చేతికే ఇవ్వు. ఆ బస్సు తిరిగొచ్చేదాకా బస్టాండులోనే కూర్చుంటాను.

నీకిచ్చింది కూడా ఆ సుర్మాలో సగమే. నలభయ్యో రోజున వాడి కళ్ళకి మొదట పెట్టింది నేనే, మెహరూ.

మీ అక్క