ఐదో ఇస్పేటు రాకముందే

మస్కట్

ప్రియమైన అన్నయ్యకి,

నీ చెల్లెలు భారతి నమస్కారాలు. నేను బాగున్నాను. ఈ మాట మొదటే రాస్తున్నాను, లేకపోతే ఉత్తరం అనగానే నువ్వు కంగారుపడి ఆఖరి పేజీ ముందు చూస్తావు. నువ్వూ వదినా పిల్లలూ కులాసాయే కదా? నాన్నగారి దగ్గు తగ్గిందా? ఆదివారం నువ్వు ఫోన్లో మాట్లాడుతుంటే వెనక ఆ దగ్గూ, కొట్లో గోనెసంచుల కట్టలు దింపుతున్న చప్పుడూ వినిపిస్తాయి. ఆయన పక్కనే ఉంటారు కాబట్టి నువ్వు "ఆ, ఆ" అని పెట్టేస్తావు. అందుకే మా వార్డు నర్సు ఒకావిడ మన తణుకు మీదుగా పాలకొల్లు వెళ్తుంటే ఈ కాగితం ఇచ్చి పంపుతున్నాను.

ఇక్కడ ఎండలు చెప్పలేను. ఆసుపత్రి ఏసీలోంచి బయటికి అడుగు పెడితే కళ్ళజోడు ఆవిరి పట్టేస్తుంది. డ్యూటీలో రోగులతో రోజు గడిచిపోతుంది. గదికి వచ్చాకే దిగులు. ఒక్కదానికే వండుకుని, ఒక్కదాన్నే తిని, ఒక్క కంచం కడుక్కుంటాను. రెండేళ్ళయినా అలవాటు కాలేదు. బాధపడకు, తిండికి లోటు లేదు, బాగానే ఉన్నాను.

శుక్రవారం మధ్యాహ్నాలు మాత్రం పేకాట. నవ్వకు. పక్క గదిలో ఉండే ఫిలిప్పీన్స్ నర్సు జోసీ పోకర్ నేర్పింది. పందెం చింతగింజలు. వదిన కట్టిచ్చిన చింతపండులో గింజలు తియ్యలేదని విసుక్కున్నాను, ఇప్పుడు అవే నా ఆస్తి. ఒక్కొక్కరికి రెండు ముక్కలు, మధ్యలో అందరికీ కలిపి ఐదు ముక్కలు విడతలుగా తిప్పుతారు. ఒకే రంగువి ఐదు కలిస్తే పెద్ద ఆట. పందెం పెంచితే ఇన్ని గింజలే పెంచాలని హద్దు ఉంది, ఉన్నదంతా ఒకేసారి నెట్టెయ్యడానికి లేదు.

మొదట్లో వరసగా ఓడిపోయాను. మన కొట్లో మధ్యాహ్నం షట్టరు సగం దించి ఆడే రమ్మీ అలవాటు మరి. ఒక్క ముక్క తక్కువైతే నోరు మెదపకుండా దాని కోసం కాచుకోవడమే మనకి తెలుసు. నాలుగు ఇస్పేట్లు కలిసినా, ఐదోది వచ్చేదాకా అవతలివాళ్ళు ఎంత వేస్తే అంత వేసి ఊరుకునేదాన్ని. ఒకరోజు జోసీ కోప్పడింది. "ముక్క కోసం ఎలాగూ గింజలు వేస్తున్నావు. ఆ వేసేదేదో నువ్వే పెంచి వెయ్యి. వాళ్ళు ముక్కలు మడిచేసి తప్పుకుంటే అప్పుడే గెలుస్తావు. మడవకపోయినా ముక్క వచ్చే దారి ఇంకా ఉంటుంది" అంది.

అలాగని ఎప్పుడు పడితే అప్పుడు పెంచకూడదట. ఎదురుగా ఒకరో ఇద్దరో మిగిలినప్పుడే. నలుగురుంటే ఎవరో ఒకరు మడవరు, పెంచేది కొద్ది గింజలే కదా. మనకు కావలసిన ముక్కలు పేకలో తగినన్ని మిగిలి ఉండాలి. అన్నిటికంటే ముఖ్యం, ఎదుటి మనిషి మడవగలిగే మనిషై ఉండాలి. మొండివాళ్ళ మీద పెంచితే గింజలు దండగ. మొన్న నాకింకా ఏమీ కలవకుండానే పెంచితే, మాతో ఆడే కేరళ అమ్మాయి చేతిలో జత ఉండి కూడా మడిచేసింది. రెండోసారి జోసీ మీదే పెంచాను. ఆవిడ మడవలేదు, ఇస్పేటూ రాలేదు.

అన్నయ్యా, అప్పుడే నాన్నగారు గుర్తొచ్చారు. నేను ఇక్కడి ఉద్యోగానికి బయల్దేరుతుంటే "ఈ గడప దాటితే నాతో మాట్లాడకు" అన్నారు కదా. అమ్మ ఉంటే సర్దిచెప్పేది. ఆయనే పిలుస్తారని రెండేళ్ళుగా నోరు మూసుకుని కాచుకున్నాను. ఇంక నా వల్ల కాదు. కార్తీకమాసంలో పదిహేను రోజులు సెలవు పెట్టి టిక్కెట్టు కొనేశాను, నిన్ను కూడా అడగలేదు. ఆయనతో "అది వస్తోంది" అని మాత్రం చెప్పు. "రమ్మంటారా" అని అడగొద్దు. మాట్లాడితే సరే. మాట్లాడకపోతే పదిహేను రోజులూ ఆయన కళ్ళెదురుగానే తిరుగుతాను, కొట్టుకి క్యారియరు నేనే పట్టుకొస్తాను.

ఆయన పేక మడిచే మనిషి కాదంటావు. బజారంతా అదే అంటుంది. కానీ నాకు తొమ్మిదేళ్ళప్పుడు టైఫాయిడ్ వచ్చి తగ్గాక, మంచం మీద నాతో రమ్మీ ఆడారు. వరసగా ఓడిపోయి ఏడుపు మొహం పెట్టాను. ఆయన ముక్కలు బోర్లా పడేసి "పోవే, నీదే ఆట" అన్నారు. మంచినీళ్ళకి లేచి వెళ్ళినప్పుడు తిప్పి చూశాను. ఆయన ఆట అయిపోయి ఉంది అన్నయ్యా, ఒక్క ముక్క కూడా తక్కువ లేదు. నేను చూసినట్టు ఆయనకి ఇప్పటికీ తెలీదు.

వదినకి నమస్కారాలు, పిల్లలకి ముద్దులు. నాన్నగారికి నా నమస్కారం చెప్పు. వినపడనట్టు ఊరుకుంటే ఇంకోసారి చెప్పు. నన్ను ఆశీర్వదించు, ఈసారి పందెం చింతగింజలు కాదు.

నీ చెల్లెలు,
భారతి