మా గడ్డిలో శంకుస్థాపన

మనురేవా, 5 మార్చి 2018

లైట్ రైలు కార్యాలయంలోని పెద్దలకు శేషారత్నం రెండు చేతులూ జోడించి రాస్తున్నది.

ఎవరి భాషలో వాళ్లు రాయవచ్చని మీ కరపత్రంలో ఉంది కనుక తెలుగులో రాస్తున్నాను. మాంగెరే దాకా రోడ్డు మీదే వేస్తామంటున్న లైనును ఆక్లండ్ శివారులోని మా మనురేవాకు పొడిగించమని జనవరిలో మీ సలహాల పెట్టెలో చీటీ వేశాను. నిన్న సాయంత్రం గుడి నుంచి వచ్చేసరికి మా ఇంటి ముందు గడ్డిలో కొయ్య మేకు, దానికి గులాబీ రంగు రిబ్బను! ఇంత త్వరగా శంకుస్థాపన చేస్తారనుకోలేదు.

నేను మాంగెరేలో ఒక వృద్ధాశ్రమం వంటింట్లో పనిచేస్తాను. రెండు బస్సులు మారాలి. మొదటిది ఆలస్యమైతే రెండోది దొరకదు. ఇంకొక్కసారి ఆలస్యంగా వస్తే వేరే మనిషిని చూసుకుంటానని మేనేజరమ్మ చెప్పేసింది. మామూలు రైలుందిగా అంటారేమో. ఆ స్టేషను మా వీధికి నలభై నిమిషాల నడక, పైగా ఆ రైలు మాంగెరే వైపు పోదు.

ఒక్క మాట. ఆదివారం సాయంత్రం రాహుకాలమని మీకెవరూ చెప్పలేదు కాబోలు. పరవాలేదు, మేకుకు పసుపు, కుంకుమ పెట్టి నేనే కొబ్బరికాయ కొట్టాను.

విధేయురాలు,
శేషారత్నం

తా.క.: కాయ చక్కగా రెండు చెక్కలైంది. లైనుకు ఢోకా లేదు. మీ చెక్క ఫ్రిజ్‌లో ఉంచాను.

ఆక్లండ్, 19 మార్చి

శేషారత్నం గారికి నమస్కారాలండి.

మా ఆఫీసులో తెలుగు చదవగలిగేది నేనొక్కదాన్నే, అందుకని మీ లెటర్ నా టేబుల్ మీదికి వచ్చింది. మాది సామర్లకోట. ఇక్కడ చదువుకుని ఇక్కడే సెటిల్ అయ్యాను.

ఆ మేకు మాది కాదండి. ప్లాన్‌లో మనురేవా లేదు. అక్కడివాళ్లకు లైన్ కావాలని చెప్పడానికి మా దగ్గర మీ చీటీ ఒక్కటే ఉంది. జూన్‌లో పొడిగింపుల మీద మీటింగ్ ఉంది. అంతవరకు దయచేసి అది శంకుస్థాపన అని ఎవరికీ చెప్పకండి.

ఇట్లు,
కిరణ్మయి

తా.క.: మాకోసం ఉంచిన కొబ్బరి చెక్కను మా బాస్ బహుమతుల రిజిస్టర్‌లో రాయించారు. తినకపోయినా రాయాలట.

మనురేవా, 23 ఏప్రిల్

చిరంజీవి కిరణ్మయికి ఆశీస్సులు.

మంచి పిల్లవి. పైవాళ్లు కాదనమన్నారు, నువ్వు కాదన్నావు. నేను అర్థం చేసుకోగలను.

నేనుగా ఎవరికీ చెప్పలేదు. కానీ ప్రతి శుక్రవారం మేకుకు చేసే పూజకు వచ్చినవాళ్లు అడిగితే అబద్ధం ఆడలేను కదా. ఎదురింట్లో టోంగా దీవుల ఆవిడ ఉంది, పేరు మేలే. ఆవిడ మొదటి వారం మేకుకు పూలదండ వేసి, "పాపం, ఇక్కడ పోయిందెవరు?" అని కళ్లొత్తుకుంది. "ఎవరూ పోలేదమ్మా, రైలొస్తోంది" అన్నాను. "ముందే చెప్పొద్దూ! మా చర్చిలో సగం మందిమి రోజూ రెండు బస్సులు మారేవాళ్లమే" అని మరుసటి వారం అందరినీ వెంటబెట్టుకొచ్చింది.

జూన్ మీటింగ్ అన్నావు కదా. అందుకని ముందు సంతకం, తర్వాతే పులిహోర అని పెట్టాను. రెండువందల పన్నెండు పేర్లు జతచేశాను.

నీ మేలు కోరే,
శేషారత్నం ఆంటీ

తా.క.: మా ఆయన సత్యనారాయణ గారికే భక్తి కుదరడం లేదు. నేను హారతి వెలిగించగానే గరాజ్‌లోకి వెళ్లి షట్టర్ దించుకుంటారు.

ఆక్లండ్, 14 మే

ఆంటీ, నమస్తే. ఇది అర్జెంట్.

ఒక్క వీధి నుంచి ఇన్ని సంతకాలు ఇంతవరకు రాలేదు. బాస్ ఎగిరి గంతేసి మీ వీధి చూడ్డానికి మనుషుల్ని పంపారు. వాళ్లు నీళ్ల పైపుల వాళ్లనీ, ఫోన్ లైన్ల వాళ్లనీ అడిగారు. మేకు ఎవరిదీ కాదట. దండలు, కుంకుమ చూసి మ్యాప్‌లో 'పవిత్ర స్థలం' అని మార్క్ చేసేశారు. అలా ఉంటే మీ వీధిలో ఎవరూ గడ్డపార వేయరు. లైన్ వచ్చినా పక్క వీధికి పోతుంది! ఆ మేకు ఎవరిదో కనుక్కుని వెంటనే రాయండి.

కంగారుగా,
కిరణ్మయి

తా.క.: సర్వే వాళ్లు పులిహోర తిన్నారట. ఆరు ప్లేట్లు రిజిస్టర్‌లో రాశాం.

మనురేవా, 25 మే

కిరణ్మయీ, దీర్ఘాయుష్మతీ భవ.

నీ ఉత్తరం భోజనాల దగ్గర పైకి చదివాను. 'ఎవరిదీ కాదట' అనేసరికి మా ఆయన ముద్ద నోటి దగ్గరే ఆగిపోయింది.

"రత్నం, అది నేనే కొట్టాను."

"మీరా!"

"పక్కవీధి వాళ్లు మన ముందు కార్లు పెట్టేస్తున్నారు. నా వ్యానుకు చోటే ఉండట్లేదు. సర్వే మేకనుకుని ఎవరూ ఆపరని కొట్టాను. రిబ్బను మనమ్మాయి కీర్తన పుట్టినరోజుది."

"ఆ రోజే చెప్పొచ్చుగా?"

"చెప్దామనే వచ్చాను. హారతిస్తున్నావు. హారతిస్తున్న మనిషికి ఎలా చెప్పను?"

నాకు ఏడుపొచ్చింది. తర్వాత ఆలోచించాను. మేకు మీది కాకపోవచ్చు, ఆ సంతకాలు మాత్రం మావే. వాళ్లంతా మేకు కోసం పెట్టలేదు, రెండు బస్సులు మారలేక పెట్టారు. సంతకం పెట్టిన అందరికీ ఇంటింటికీ వెళ్లి నిజం చెప్పాను. ఒక్కరూ పేరు కొట్టేయమనలేదు. మేకుకు శాస్త్రప్రకారం ఉద్వాసన చెప్పి ఈయన చేతే పీకించాను. ఇప్పుడక్కడ గుంత తప్ప పవిత్రమైనదేదీ లేదని నీ మ్యాపులో రాసుకో.

శేషారత్నం ఆంటీ

తా.క.: మేలే చర్చి వాళ్లు మాత్రం పులిహోరకు ఉద్వాసన లేదంటున్నారు.

ఆక్లండ్, 25 జూన్

ప్రియమైన ఆంటీకి,

మీటింగ్‌లో మీ ఉత్తరాన్ని నేనే ఇంగ్లీషులో చదివి వినిపించాను. మనురేవా పొడిగింపు పరిశీలనకు తీసుకున్నారు. రైలుకు ఏళ్లు పడుతుంది. అందుకని ఈలోగా వచ్చే సోమవారం నుంచి మీ వీధి మీదుగా మాంగెరేకు నేరుగా బస్సు వేస్తున్నారు. మీరు ఇరవై నిమిషాలు ముందే డ్యూటీలో ఉంటారు, మేనేజరమ్మకు చెప్పండి.

స్టాప్ ఎక్కడ పెట్టాలని చర్చ వచ్చింది. మ్యాప్‌లో మీ వీధిలో మార్క్ చేసిన చోటు ఒక్కటే ఉంది. అందుకని గుంత పూడ్చకండి. స్తంభం అందులోనే పాతుతారు. గురువారం పదింటికి వస్తారు, రాహుకాలం తగలకుండా చూసే పెట్టించాను. కొబ్బరికాయ రెడీగా ఉంచండి.

మీ,
కిరణ్మయి

తా.క.: అంకుల్‌కి మీరే మెత్తగా చెప్పండి. బస్ స్టాప్ ముందు ఇక ఎవరి కారూ ఆగకూడదు, ఆయన వ్యాను కూడా.