ఆఖరి ఔట్ పడేదాకా ఓటు లేదు

అక్టోబర్ 10
రేపటి నుంచి పోర్ట్‌లాండ్‌తో మా బఫలో బేస్‌బాల్ జట్టు సిరీస్. ముందు నాలుగు ఆటలు గెలిచినవాళ్లు ఫైనల్‌కి, అంటే వరల్డ్ సిరీస్‌కి. అందరికన్నా బాగా ఆడినవాడికి అవార్డు. అది ఎవరికో తేల్చే తొమ్మిదిమంది పత్రికలవాళ్లలో నేనొకణ్ణి. నార్బర్ట్ పఖుత్స్కీ, బఫలో, ఆటల పేజీ.

ఓట్లు మాత్రం సిరీస్ తేలే ఆటలో, తొమ్మిది ఇన్నింగ్స్‌లో ఎనిమిదోది నడుస్తుండగానే పట్టుకుపోతారు. ఆట అవగానే మైదానంలోనే అవార్డు చేతిలో పెట్టాలట. పరీక్ష రాస్తుండగానే మార్కులు వేసేయడం కాదూ ఇది? ఈసారి లొంగను. ఆఖరి ఔట్ పడ్డాకే పేరు రాస్తా. ఒట్టు!

మా ఆవిడ బెర్నిస్‌కి చెప్పాను. "మన పెళ్లిలో కూడా ఇంత గట్టిగా ప్రమాణం చేయలేదు నువ్వు" అంది.

అక్టోబర్ 11
గెలిచాం. మూడో బేస్ దగ్గర ఆడే కాజ్ వోల్నియాక్ రెండుసార్లు బంతిని కంచె దాటించి హోమ్ రన్లు బాదాడు. మా వీధివాడే. ముప్పై ఆరేళ్లు, మోకాళ్లు అరిగిపోయాయి, ఇదే ఆఖరి ఏడాది. ఇంతవరకూ ఒక్క అవార్డు లేదు పాపం.
నేనేం పేరు రాయలేదు. అసలు ఆలోచించనే లేదు.

అక్టోబర్ 12
ఓడాం. కాజ్ మాత్రం ఇరగదీశాడు.
వాళ్లమ్మ స్టెల్లా, బెర్నిస్ బంతి దొర్లించి పిన్నులు పడగొట్టే బౌలింగ్‌లో ఒకే జట్టు. అవార్డు పెట్టడానికని స్టెల్లా ఇంట్లో టీవీ పక్క అర ఖాళీ చేసి తుడిచి ఉంచిందట. "మీ ఆయన మావాడికే వేస్తాడుగా?" అని అడిగిందట.
"నువ్వేం చెప్పావు?"
"వేయకపోతే సోఫా మీద పడుకుంటాడని చెప్పా."

అక్టోబర్ 15
మూతి తుడుచుకునే కాగితం మీద కాజ్ పేరు రాశాను. పెన్సిల్‌తోనే. అది ఓటు కాదు, చేతికి అలవాటు కోసం. చెరిపేశాను. మళ్లీ రాశాను.

అక్టోబర్ 18, ఆరో ఆట, మా ఊళ్లో
గెలిస్తే సిరీస్ మాదే.

ఎనిమిదో ఇన్నింగ్స్: నాలుగు పరుగులు ముందున్నాం. లీగ్ ఆఫీసు ట్రూడీ ఓట్ల డబ్బా పట్టుకొచ్చింది. ఆఖరి ఔట్ అయ్యాక వేస్తానన్నాను.
"నార్బర్ట్ గారూ, అప్పటికి నేను కింద అవార్డు మోస్తూ ఉంటాను. వేస్తారా, లేక మీ ఓటు రాలేదని రాసుకోనా?"
ఇంకా మూడు ఔట్లేగా. కాజ్ పేరు రాసి వేసేశాను.

తొమ్మిది: బంతి కాజ్ కాళ్ల సందులోంచి జారిపోయింది. మరొకటి కూడా. స్కోరు సమం. బంతి విసరడానికి బిగ్స్ అని ఓ కుర్ర పిచర్ వచ్చి పరువు కాపాడాడు.

పది: ఆట సాగింది కాబట్టి మళ్లీ ఓట్లట. ట్రూడీ ఎవరి కాగితం వాళ్లకి తిరిగిచ్చింది. బిగ్స్ ఎవణ్ణీ బంతికి బ్యాట్ తాకించనివ్వడం లేదు. న్యాయంగా ఉండాలి కదా. కాజ్ పేరు కొట్టేసి బిగ్స్ అని రాసి డబ్బాలో వేశాను.

పదకొండు: కాజ్ హోమ్ రన్. గెలిచేశాం. మా బ్యాటింగ్‌లోనే ఆట అయిపోయింది, ఆఖరి ఔట్ అనేదే పడలేదు! ఓటు మార్చుకుందామని ట్రూడీ వెనకాల మెట్లన్నీ దిగుతూ పరిగెత్తాను. అప్పటికే డబ్బా తెరిచి లెక్కపెట్టేశారు.
బిగ్స్ అయిదు. కాజ్ నాలుగు.

అక్టోబర్ 19
పొద్దున్నే స్టెల్లా కేకు పట్టుకొచ్చింది. "ఆ నలుగురిలో నువ్వొకడివని నాకు తెలుసులే. మిగతా అయిదుగురికీ కళ్లు దొబ్బాయి" అంది. నేను ఇంకో ముక్క కేకు నోట్లో పెట్టుకున్నాను.
ఆవిడ వెళ్లాక బెర్నిస్ నా వంకే చూసింది.
"ముందు కాజ్‌కే వేశాను" అన్నాను. అబద్ధం కాదు.
"ముందు అంటే?"
సోఫా పొట్టిది. కాళ్లు బయటికొస్తున్నాయి. అయినా బాధ కాళ్ల గురించి కాదు. స్టెల్లా తుడిచిపెట్టుకున్న ఆ ఖాళీ అర గుర్తొస్తే నిజంగా సిగ్గుగా ఉంది.

అక్టోబర్ 22
రేపు వరల్డ్ సిరీస్ మొదలు. మళ్లీ నాకు ఓటుంది. ఈసారి తిరుగులేదు. ఆట ముగిసి, జనం ఇళ్లకెళ్లి, మైదానంలో లైట్లు ఆర్పేదాకా ఎవరి పేరూ రాయను.

ఓటు కాగితం ఈరోజు మధ్యాహ్నమే అందింది. కాజ్ పేరు సిరాతో రాసి, కవర్లో పెట్టి, అంటించి ట్రూడీకి పంపించేశాను.