నా తదనంతరం నాలుగు తీగల గిటారు

పాటలు రికార్డు చేయడమే వృత్తిగా బతికినదాన్ని, మా నాన్నగారి ముగ్గురు సంతానంలో నడిమిదాన్ని అయిన నేను, పూర్తి స్పృహలో, ఎవరి బలవంతమూ లేకుండా, ఎవరూ పక్కన కూర్చుని చెప్పించకుండా, నా గదిలో నా బల్ల ముందు స్వహస్తంతో రాస్తున్న వీలునామా ఇది. మతి స్థిమితంగానే ఉంది. ఊపిరితిత్తులే మాట వినడం లేదు. మొన్న డాక్టరమ్మ ‘ఇంక మందులు మార్చడం ఎందుకులెండి’ అంది. అంత మెత్తగా చెప్పినందుకు ఆవిడ మీద నాకు కోపం లేదు. ఇంతకుముందు నేను రాసిన వీలునామా ఏదీ లేదు. ఉందని ఎవరైనా తెచ్చి చూపిస్తే అది దొంగది.

దీన్ని అమలు జరిపే బాధ్యత మా వీధి చివరి వకీలుగారిది. ఆయన పంపిన నమూనా నేను వాడలేదు. అందులో ‘చరాస్తులు’ అన్న ఒక్క మాట కిందే నా మైకులన్నీ కుక్కేశారు. అలా కుదరదు.

1. మా ఇంటి కింది అంతస్తులో ఉన్న రికార్డింగు గది నా స్వార్జితం. పై అంతస్తు అన్నయ్యది. నా తదనంతరం ఈ గది కూడా సర్వహక్కులతో అన్నయ్యకే చెందవలెను, ఒక షరతు మీద. ఇంట్లో అందరూ మొద్దబ్బాయి అని పిలిచే మా తమ్ముడు తన పాటను ఈ గదిలో వాయించి రికార్డు చేసేదాకా శబ్దం మారుమోగకుండా గోడలకు కొట్టిన దూది పరుపులు ఊడదీయకూడదు. తన కొట్లోని సిమెంటు బస్తాలు అన్నయ్య ఇందులో దించకూడదు. అన్నయ్యా, నీ కన్ను ఈ గది మీద ఉందని నాకు తెలియదనుకోకు. వచ్చినప్పుడల్లా గోడ నుంచి గోడకి అడుగులేసి మరీ కొలుస్తావు.

షరతు ఎందుకో అన్నయ్యకి తెలిసినా వకీలుగారికి తెలియదు కాబట్టి రాస్తున్నాను. తమ్ముడు బేస్ గిటారు వాయిస్తాడు. దానికి నాలుగే తీగలు, లావుపాటివి. కింది స్వరాలే పలుకుతాయి. పాట నిలబడేది వాటి మీదే, కానీ వినేవాళ్ళకి అవి ఉన్న సంగతే తెలియదు. వాడు వందల పాటల్లో వాయించాడు. పాట కట్టినవాళ్ళు నా కుర్చీ వెనక నిలబడి ‘ఆ లావు శబ్దం కాస్త తగ్గించండమ్మా’ అనేవారు. అద్దం అవతల నుంచి వాడు వాళ్ళ పెదాలు చూసి నవ్వేవాడు. వాడు సొంతంగా కట్టుకున్న పాట మాత్రం ఒక్కటే. అందులో ఆ గిటారుకి తప్ప దేనికీ చోటు లేదు. దాన్ని ఒక్కసారి, వినబడవలసినట్టు రికార్డు చేయాలి. మా ఇద్దరికీ మిగిలిన కోరిక అదే.

2. నా మైకులన్నీ అన్నయ్య కూతురికి, అంటే నా మేనకోడలికి. వాటితోపాటు ఈ నాలుగు మాటలు కూడా. లావు శబ్దాన్ని రెండు దారుల్లో పట్టాలి. గిటారు నుంచి వైరు లాగి నేరుగా మెషీనుకి ఇవ్వడం ఒకటి, దాని స్పీకరు ముందు మైకు పెట్టడం రెండోది. వైరులోది ముందు చేరుతుంది, మైకులోది వెంట్రుకవాసి వెనక. అలాగే కలిపేస్తే ఒకదాన్నొకటి మింగేసి చివరికి చప్పిడి మిగులుతుంది. వెనకదాన్ని ముందుకు జరిపి మొదటిదాని పక్కన నిలబెట్టు. మైకును స్పీకరు నడిమధ్య పెట్టకు, అంచువైపు పెట్టు. గది మూలల్లో మోత పోగవుతుంది. అక్కడ నిలబడి బ్రహ్మాండంగా ఉందని మురిసిపోకు, కుర్చీలోకి వచ్చి విను. తల్లీ, నీది మంచి చెవి. నువ్వు బ్యాంకు ఉద్యోగం మానవనీ, ఈ మైకులు అటకెక్కుతాయనీ తెలుసు. ఎక్కించేటప్పుడు గుడ్డలో చుట్టు. తేమ తగిలితే చచ్చిపోతాయి.

3. నా కుర్చీ వదినకి. కింద మోతకి తన గిన్నెలు అదురుతున్నాయని పైనుంచి నేల మీద చీపురుకట్టతో పొడిచేది. పొడిచిన కాసేపటికి ఫ్లాస్కులో కాఫీ పంపేది. నడుం నొప్పికి ఇంతకన్నా మంచి కుర్చీ దొరకదు.

4. మేనకోడలి భర్తకు, నా సొరుగులో విప్పకుండా ఉన్న కొత్త గిటారు తీగల పొట్లం. అల్లుడుగారూ, ఇది దెప్పడమే, వేరే అర్థం వెతక్కండి. తమ్ముడి గిటారుకి ఏళ్ళ తరబడి మార్చని తీగలుండేవి. వాడి చెమట తాగి తాగి, గలగలంతా పోయి, మెత్తటి నిండు మోత ఒక్కటే పలికేవి. మేము పాట మొదలుపెట్టబోతుండగా వాడి పుట్టినరోజు వచ్చింది. మీరు ఎవరికీ చెప్పకుండా గిటారు పట్టుకెళ్ళి, శుభ్రంగా తుడిపించి, కొత్త తీగలు వేయించి తెచ్చారు. ‘పాతవి తుప్పు పట్టాయి మామయ్యగారూ, పారేయించాను’ అన్నారు. వాడు ‘చాలా సంతోషమండీ’ అన్నాడు. తర్వాత లోపలికొచ్చి గోడకేసి తిరిగి నిలబడ్డాడు. కొత్త తీగలు గిన్నెలు జారవిడిచినట్టు మోగాయి. మీరు మంచి మనసుతోనే చేశారు. అందుకే మిమ్మల్ని నోరారా తిట్టుకోలేకపోయాను.

ఇందులో మా మొండితనమూ ఉంది. ‘ఈ తీగలతోనే వాయించెయ్, వచ్చినంత వస్తుంది’ అని నేను వాడితో అనలేదు, వాడూ నాతో అనలేదు. శబ్దం కుదరకుండా పాట ముట్టుకోవడం మా ఇద్దరికీ చేతకాదు. తీగలు పాతబడాలని వాడు రోజూ పొద్దున్నే కూర్చుని, తన పాట జోలికి పోకుండా, ఊరికే పైకీ కిందికీ వాయించేవాడు. మెల్లగా గలగల తగ్గుతూ వచ్చింది. ఇంక కొద్దిరోజులే అనుకుంటుండగా పక్షవాతం వచ్చి వాడి ఎడమ చెయ్యి పడిపోయింది. తీగను ఎక్కడ నొక్కాలో తెలిసిన చెయ్యి అది. ఫిజియోథెరపీ చేసే అమ్మాయి మొన్న ‘చిటికెన వేలు కదిలిందండీ’ అంది. ఆ మాట పట్టుకునే పైన ఒకటో అంశం రాశాను.

5. బ్యాంకులో నా పేరున ఉన్నది ఎంతైతే అంత తమ్ముడి వైద్యానికీ, తిండికీ వాడవలెను. వాడిని అన్నయ్య పైకి తీసుకెళ్ళి తన దగ్గరే పెట్టుకోవలెను. వదినా, వాడు అన్నం వద్దంటే నమ్మకు.

6. ఇక్కడిదాకా రాసేసరికి తమ్ముడు వెనక గదిలోంచి గోడ పట్టుకుంటూ వచ్చాడు. ‘ఏం రాస్తున్నావక్కా’ అని కాగితం తీసుకుని మొదటి అంశం చదివాడు. గిటారు ఒళ్ళో పెట్టమన్నాడు. నేను వైరు తగిలించి, మైకు జరిపి, మెషీను నడిపించాను. వాడి ఎడమ చేతిని నేనే ఎత్తి గిటారు మెడ మీద పెట్టాను. జారిపోయింది. మళ్ళీ పెట్టాను. మళ్ళీ జారింది. ‘వదిలెయ్’ అని, కుడిచేత్తో అన్నిటికన్నా లావు తీగను ఒక్కసారి మీటాడు. ఎక్కడా నొక్కకపోయినా పలికే స్వరం అది.

శబ్దం బురదలా ముద్దకట్టలేదు, గలగల లేదు. వేలు తగలడం స్పష్టంగా వినపడింది, ఆ తర్వాత మోత గుండ్రంగా, నిండుగా లేచి గదంతా ఆక్రమించింది. ఇన్నేళ్ళూ నేను వెతికింది ఆ శబ్దమే. తీగలు పాతబడ్డాయి. నాకు ఏడుపొచ్చింది. వాడు మోత పూర్తిగా ఆగేదాకా తల ఎత్తలేదు. ‘శబ్దం వచ్చేసిందక్కా,’ అన్నాడు. ‘పాటే లేదు.’

నోటితో పాడరా, రాసుకుంటాను అన్నాను. అంత కింది స్వరాలు గొంతుకి అందవన్నాడు. అయినా ఆ పాట తన వేళ్ళకే వచ్చునట, తనకి రాదట. ఇంకెవరితోనైనా వాయింపిద్దామనే మాట నా నోటిదాకా వచ్చింది గానీ, ఏం వాయించమని చెబుతాం?

రికార్డయిన ఆ ఒక్క స్వరం తమ్ముడికి చెందవలెను. దాన్ని ఎవరూ ఏ పాటలోనూ కలపకూడదు. గిటారు మొదటినుంచీ వాడిదే కాబట్టి దాని గురించి రాయడానికి నాకు హక్కు లేదు.

7. ఒకటో అంశంలో నేను పెట్టిన షరతును ఇందుమూలంగా రద్దు చేస్తున్నాను. గది ఏ ఆటంకమూ లేకుండా అన్నయ్యది. పరుపులు ఎప్పుడు కావాలంటే అప్పుడు ఊడదీయించుకో అన్నయ్యా, బస్తాలు దించుకో. తమ్ముడిని ఫిజియోథెరపీకి తీసుకెళ్ళిన పూట చూసి ఊడదీయించు. వాడు ఇంట్లో ఉండగా వద్దు.

చదువుకుని, సరిగానే ఉందని తృప్తి పడి, సంతకం చేశాను.

స్థలం: మా రికార్డింగు గది
తేదీ: 9 జులై 2023, ఆదివారం

(సంతకం)
రికార్డిస్టు

ఆవిడ మా కళ్ళెదుట సంతకం చేయగా చూసిన సాక్షులు:
1. (సంతకం) పక్క కొట్టు దర్జీ
2. (సంతకం) ఈ గది తలుపు చేసిన వడ్రంగి