గొడవ రోజు గీతలు

కడోదరా, సూరత్
12 నవంబర్ 2025

సౌభాగ్యవతి సంగీతకు,

సదానందం ప్రేమతో రాయునది. నేనిక్కడ కుశలం. నువ్వు, అత్తమ్మ, మన కోమలి అక్కడ కుశలంగా ఉన్నారని నమ్ముతున్నాను. ఫోన్ ఉండగా ఉత్తరమెందుకని అనుకుంటావు. ఫోన్‌లో నా గొంతు కాస్త పెరిగితే చాలు, "పైలం, జాగ్రత్త" అని ఫోన్ పెట్టేస్తున్నావు. కాగితమైతే చివరిదాకా చదువుతావు.

ముందు ఇక్కడి సంగతులు. రింగ్ రోడ్ దుకాణంలో చీరలు మడతపెట్టే పనే చేస్తున్నాను, ఇప్పుడు పగటి డ్యూటీ ఒక్కటే. పక్కగది దశరథం అన్న నాకు కూడా కూర వండుతున్నాడు. ఉప్పు ఎక్కువే వేస్తాడు, నేనేమీ అనను. గుండు చేసిన చోట జుట్టు మళ్ళీ వచ్చింది.

మూర్ఛ జాడ పట్టడానికి డాక్టర్లు నా మెదడు మీద పరిచిన పొర గురించి నీకు సగమే చెప్పాను. అది పాల మీద మీగడ కంటే పలుచన. మెదడు మెత్తటిది, మనం ఊపిరి తీసుకున్నా కదులుతుందట. గట్టి తీగలు పెడితే రాపిడికి చుట్టూ గట్టిపడి, కొన్నాళ్ళకు వాటికేమీ అందదట. ఇది మెదడుతోపాటే వంగుతుంది కాబట్టి నెలల తరబడి పనిచేస్తుంది. ఇంకా పరీక్షిస్తున్న పద్ధతి, నాలాంటి కొద్దిమందికే పెట్టారు. మెదడులో లేచే అలజడి గీతలుగా నమోదవుతుంది. నా ఆలోచనలు కూడా కనపడతాయా అని అడిగితే డాక్టర్ జాగృతిబెన్ నవ్వి, కనపడవంది.

ఇప్పుడు అసలు మాట. మునుపటి పనిలో మగ్గం పక్కన నేను తొలిసారి మూర్ఛతో పడ్డ రోజు పొద్దున మనం కొట్లాడుకున్నాం. ఆస్పత్రిలో మా అక్క అందరి ముందు, "నీ నోటికే నా తమ్మునికి ఫిట్స్ వస్తున్నయ్" అన్నది. ఆ తర్వాత ఇంట్లో గిన్నె చప్పుడు కూడా కాకుండా మసిలావు. ఒకనాడు ఏదో చిన్నదానికి మళ్ళీ మాట పెరిగింది, ఆ సాయంత్రమే రెండోసారి పడ్డాను. "నేను లేకుంటెనన్న నువ్వు బతుకుతవ్" అని పాపను తీసుకుని అత్తమ్మ దగ్గరికి వెళ్ళిపోయావు.

జూన్‌లో ఫోన్‌లో మన గొడవ గుర్తుందా. కోమలిని నాతో చెప్పకుండా అక్కడి బడిలో చేర్చావని నేను అరిచాను, నువ్వూ అరిచావు. తర్వాత దశరథం అన్నకు ఫోన్ చేసి, "జర పోయి చూడన్నా, పడ్డడేమో" అని ఏడ్చావట. నేను పడలేదు. అప్పటికే ఆ పొర నా తలలో ఉంది.

మొన్న జాగృతిబెన్ ఆ రోజు గీతలు తీసి చూపించింది. మనం అరుచుకున్న సేపట్లో మూర్ఛ జాడే లేదు. మెరుపులా లేచిన గీతలన్నీ సీజన్‌లో డబల్ డ్యూటీ చేసి, నిద్ర చాలని రోజులవే. "ఝగడా నహీ సదానంద్‌భాయ్, నీంద్" అన్నది, గొడవ కాదు, నిద్ర లేకపోవడమే కారణమని. ఆలోచిస్తే, పడ్డ రెండుసార్లూ నేను వరసగా రాత్రి షిఫ్టులు చేసి ఉన్నాను. నిద్ర లేనివాడికి కోపం ముందొచ్చింది, మూర్ఛ వెనకొచ్చింది. ముందొచ్చినదాని మీద నేరం పడింది, నీ మీద పడింది.

అక్కకు ఫోన్ చేసి చెప్పాను. "సంగీతకు నేనే చెప్త" అని పెట్టేసింది. నీకింకా ఫోన్ చేయకపోతే, చెప్పలేకపోయిందేమో, ఆమెను ఏమీ అనకు.

నువ్వు భయపడుతూ మెల్లగా మాట్లాడుతుంటే నాకు వేరే ఎవరితోనో మాట్లాడుతున్నట్టు ఉంటోంది. నా భార్య గొంతు విని చాలా రోజులైంది.

అత్తమ్మకు నమస్కారాలు, కోమలికి ముద్దులు.

నీ
సదానందం

తా.క.: ఉత్తరం ఎందుకు రాశానో పైన పూర్తి నిజం చెప్పలేదు. మూర్ఛ పుట్టే చోటు ఆ గీతల్లో దొరికింది. ఎడమ చెవి పైన, చిక్కుడు గింజంత. వచ్చే నెల ఆపరేషన్ చేసి తీసేస్తారు. మాట పుట్టే చోటు దాని పక్కనే ఉందట. కొన్నాళ్ళు మాట తడబడవచ్చు, కొందరికి పూర్తిగా తిరిగి రాదు కూడా అన్నారు. అలా అయితే నీ తప్పు లేదని నీకెవరు చెప్తారు? అందుకే ముందే రాశాను. ఆస్పత్రిలో ధైర్యంగానే సంతకం చేశాను. గదికి వచ్చాక భయమేసింది. పాపను తీసుకుని రా, సంగీతా.